రాత్రి గడుల్లో అంకెలు

జూన్ 2, సోమవారం

మా పేపరు ఆదివారం అనుబంధానికి కొత్త పని. ఆనకట్ట గేట్లు, రైలు సిగ్నళ్లు, బాయిలర్లు — తప్పు జరిగితే ప్రాణాలు పోయే చోట్ల కృత్రిమ మేధను పెట్టడం గురించి ఇంజనీర్లు ఏమనుకుంటున్నారు. డెస్కు నుంచి ఒకటే సలహా. భయపెట్టొద్దు, పొగడొద్దు. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నది అదే.

మొదట మన ఆనకట్ట. ఈ ముప్ఫయ్యో తేదీ నుంచి గేట్లు ఎప్పుడెత్తాలో యంత్రమే చెబుతుందట. చెప్పి ఊరుకోదు — ఎత్తేస్తుందట కూడా.

జూన్ 5, గురువారం

కంట్రోల్ గదిలో కొత్త రంగు వాసన. గోడకు పెద్ద తెర. అసిస్టెంటు ఇంజనీరు సౌజన్య అంతా చూపించింది. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి, విజయనగరం అమ్మాయి, మాట గబగబా.

వాన పడేది సరిహద్దు అవతల, ఒడిశా కొండల మీద. ఆ నీళ్లు ముందు పాతపట్నం వైపు, ఎగువన నీటిమట్టం కొలిచే పై గేజీ దగ్గర కనిపిస్తాయి. అయిదారు గంటల తర్వాత ఇక్కడికి. పై గేజీ దగ్గర నీటిమట్టం గంటగంటకీ రిజిస్టరులో రాస్తారు. గంటకో గడి. పదిహేనేళ్ల రిజిస్టర్లు కట్టలు విప్పి, ఆర్నెల్లు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించారు. యంత్రం చదువుకున్నది వాటినే.

‘దాని అంచనా రిజిస్టరుతో రాత్రిళ్లు ఇంకా బాగా సరిపోతోంది మేడమ్. పగటికంటే.’ ఇంట్లో పిల్లకి మంచి మార్కులొచ్చినట్టు నవ్వింది.

ఎప్పుడైనా ఒక గడి ఖాళీగా వస్తే?

‘ఆగదు మేడమ్. ముందూ వెనకా చూసుకుని తనే నింపుకుంటుంది.’

రెండూ రాసుకున్నాను. ఆమె పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు — ఈఈ గారు — మధ్యలో వచ్చి కూర్చున్నారు. నెమ్మదస్తుడు. ‘ఇది నిద్రపోదు. సెలవు పెట్టదు. అబద్ధం చెప్పదు.’ గేటు తప్పు సమయంలో ఎత్తితే? ‘మనిషీ ఎత్తాడమ్మా, ఇదివరకు.’ అదీ నిజమే.

వచ్చేటప్పుడు గట్టు మీద నుంచి చూశాను. దిగువన ఏటి మధ్య దిబ్బ. దాని మీద పశువుల శాలలు. లెక్కపెట్టాను — పదకొండు.

జూన్ 6

మోకాలు. ఎక్స్‌రే మళ్లీ వాయిదా.

జూన్ 8, ఆదివారం

ఆమదాలవలస. మరిది ప్రసాదు ఇంట్లో భోజనం. రైల్వే సిగ్నళ్ల ఇంజనీరు ఇంట్లోనే ఉండగా వేరే వాళ్లను వెతకడమెందుకు. కళింగపట్నం నుంచి వచ్చిన చేప. చెయ్యి కడుక్కున్నాక మొదలుపెట్టాడు.

‘వదినా, మాకు మొదటి రోజు నేర్పే పాఠం ఒకటే. తెలియకపోతే ఎరుపు. తీగ తెగిందా, ఎరుపు. కరెంటు పోయిందా, ఎరుపు. అసలు దీపమే వెలగలేదా — డ్రైవరు దాన్నీ ఎరుపనుకునే ఆగాలి. కొత్త యంత్రం రానీ, నాకేం అభ్యంతరం లేదు. దానికి తెలియనప్పుడు ఏం చేస్తుందో అడుగు. అదొక్కటే అడుగు.’

‘ఇంట్లో అయితే ఈయనకి తెలిసినా తెలియకపోయినా ఎరుపే అక్కా’ — తోడికోడలు, వంటింట్లోంచి.

ఈ పాఠం వ్యాసంలో పైన రావాలి.

జూన్ 11, బుధవారం

విజయనగరం. విశ్వనాథం గారు. ఆనకట్ట గేట్లు పన్నెండు వానాకాలాలు ఆయన చేతిలో ఉన్నాయి. రిటైరై చాలా కాలం. వినికిడి తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. యంత్రాలంటే కోపం ఉంటుందనుకుని వెళ్లాను. లేదు. పాత ఇంజనీర్లందరూ కొత్తదాన్ని తిడతారని మీ పేపర్లవాళ్ల నమ్మకం, అని నన్నే దెప్పారు. లెక్క వేగంగా వేసేది ఏదైనా రావలసిందే అన్నారు.

‘ఎక్కడ నేర్చుకుందది?’

పై గేజీ రిజిస్టర్ల నుంచి, అన్నాను.

కాఫీ గ్లాసు కింద పెట్టారు. ‘రిజిస్టర్ల నుంచా’ అన్నారు.

తర్వాత — వరద రాత్రుల్లో గేటు ఎత్తేముందు తను ఎప్పుడూ ఫోను చేసేవారట. పై గేజీ గుడిసెకి ఒకటి, పాతపట్నం దారిలో వంతెన దగ్గర టీకొట్టుకి ఒకటి. రిజిస్టరు ఉండగా ఫోను ఎందుకు?

‘రిజిస్టరు ఆడిట్‌కి.’ ఆ తర్వాత, ‘ఎవడు రాశాడో వాణ్నడుగు. నన్నడక్కు.’

జూన్ 14, శనివారం

పై గేజీ. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడక. రేకుల గుడిసె. అక్కడి నుంచి ఏటిలోకి రాతి మెట్లు, నలభై రెండు. అడుగున నలుపూ తెలుపూ పట్టీలతో కొలత స్తంభం. పదిహేడో మెట్టు దాకా దిగాను. మోకాలు ఆపేసింది.

గేజ్ రీడరు అసిరయ్య. ముప్ఫై ఏళ్ల సర్వీసు. మెడకో తువ్వాలు, చెవి వెనక బీడీ. ‘పేపరు నుంచి వచ్చినావా. ఇదివరకు ఓ పేపరోడు వచ్చి, నా ఫొటో తీసి, కింద ఎవుల పేరో ఏసీసినాడు. మా యింటిది వారం నవ్వింది.’ ఆ క్షణం నుంచి నాకు పేరు పేపరమ్మ.

ఒకప్పుడు ముగ్గురు. ఇద్దరి పోస్టులు ఖాళీ అయి ఎన్నో ఏళ్లు. ఆమధ్య స్తంభానికి బిగించిన సెన్సరు మొదటి వరదకే పోయింది. ఇరవై నాలుగు గంటలూ ఒక్కడే ఎలా అని అడిగాను. ‘మరేటి సేస్తాం. ఎల్తాది.’

రిజిస్టరు చూపించాడు. పగటి గడులు — ఒకటి నీలం, ఒకటి నలుపు, ఒకదానిలో ఇంకు చెదిరింది, ఒకదాని మీద చేప పొలుసు అంటుకుంది. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి నాలుగు దాకా తొమ్మిది గడులు. తొమ్మిదీ ఒకే పెన్ను, ఒకే వొత్తు, ఒకే వాలు.

అడగలేదు. అంకెలు రాసుకున్నాను. తిరుగు బస్సులో తీసివేతలు చేశాను. గంటకీ గంటకీ మధ్య తేడా ప్రతిసారీ ఒకటే. ఏరు అలా పెరగదు.

జూన్ 17, మంగళవారం

మళ్లీ పై గేజీ. ఈసారి కెమెరా లేకుండా, పెన్ను సంచిలోంచి తీయకుండా. రాత్రి గడులు ఎప్పుడు రాస్తావని సూటిగా అడిగాను.

బీడీ వెలిగించుకుని చెప్పాడు. సాయంత్రం ఏడింటికి ఆఖరిసారి దిగుతాడు. మళ్లీ తెల్లవారి అయిదింటికి. స్తంభం మీద తడి చార చూస్తే రాత్రి ఎంతదాకా వచ్చిందో తెలుస్తుంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. మధ్యలో తొమ్మిది గడులకీ ఆ తేడాని సమంగా పంచేస్తాడు. అన్నదమ్ములకి మడిచెక్క పంచినట్టు.

గౌరయ్య సంగతి అప్పుడు చెప్పాడు. రెండో గేజ్ రీడరు. ఒక వరద రాత్రి లాంతరుతో దిగాడు. మెట్టు జారింది. రెండు రోజుల తర్వాత దిగువన తుంగలో దొరికాడు.

‘మర్నాడు విశ్వనాథంబాబు వచ్చినారు. ఈ మెట్ల మీదే కూసున్నారు, నాను పక్కన. ఒరే అసిరయ్యా, సీకటి పడితే దిగొద్దు, అన్నారు. గడులు మాత్రం కాళీ ఒగ్గకు, ఆడిట్ వోళ్లు నన్ను తినేస్తారు, అన్నారు. అప్పటి నుంచి ఇంతే.’

మరి నిజంగా వరద వస్తే?

‘ఏరు మాటాడతాది పేపరమ్మా. గుడిసెలో తొంగున్నా తెలిసిపోతాది, ఎంతొస్తందో. అప్పుడు బాబుకి ఫోను సేసీవోడ్ని. ఆయనెల్లిపోయాక వచ్చినోళ్లకీ సేసినాను. ఫోను నీటికి. రిజిస్టరు కాయితానికి. ఇది మా డిపార్టుమెంటులో అందరికీ ఎరికే.’

అందరికీ తెలుసు. కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లకి తప్ప.

లేచేటప్పుడు అడిగాడు. ‘రాసేస్తావేటి? డిసెంబరుకి రిటైరు నాకు.’

బస్సుకి టైమైందన్నాను.

జూన్ 18, బుధవారం

రాత్రిళ్లు ఇంకా బాగా సరిపోతోంది — సమంగా పంచిన అంకెల్ని కనిపెట్టడం యంత్రానికి ఎంత పని. పరీక్ష పెట్టిందీ ఆ రిజిస్టర్లతోనే. అబద్ధంతో నేర్పి, అదే అబద్ధంతో సరిచూశారు. తెలిసి చేసినవాళ్లు ఎవరూ లేరు.

సాయంత్రం నా కత్తిరింపుల పెట్టె దించాను. తుపాను ఏడాది నేను రాసిన వార్త, మొదటి పేజీ. ‘తెల్లవారుజామున మూడు గంటలకు పై గేజీ వద్ద నీటిమట్టం’ — మీటర్లు, దశాంశం తర్వాత రెండు అంకెలు. ఆ ఏడు దిబ్బ మీద నలుగురు పోయారు. వరద క్రమంగానే పెరిగిందని, హెచ్చరికకి సమయం ఉందని, జనమే కదల్లేదని అధికారులు అన్నారు. అంకె ఉంది కాబట్టి నేనూ అదే రాశాను.

ఆ మూడు గంటలకి స్తంభాన్ని ఎవరూ చూడలేదు.

కుర్ర రిపోర్టర్ల కాపీలో విశేషణాలు కొట్టేస్తాను. అంకెల్ని ఎప్పుడూ కొట్టలేదు.

జూన్ 20, శుక్రవారం

డెస్కు: ‘ఏమైంది మీ ఇంజనీర్ల వ్యాసం?’ ఇంకొకరు మాట్లాడాలి, అన్నాను.

ముప్ఫైకి పది రోజులు. రాస్తే అసిరయ్య మీద తప్పుడు రికార్డుల కేసు, పింఛను ఆగుతుంది. రాయకపోతే గేట్లు యంత్రం చేతికి వెళతాయి, దిబ్బ మీద పదకొండు శాలలు. రెండూ ఒకే కాగితం మీద రాసి చూశాను. తేలిగ్గా తేలుతుందనుకున్నాను. తేలలేదు.

జూన్ 22, ఆదివారం

దిబ్బ మీదికి వెళ్లాను, మోకాలి లోతు నీళ్లలో. పైడమ్మ అనే ఆవిడ పాలు పితుకుతూ మాట్లాడింది. సైరను కూసినాక గంట చాలట. గంటలో గేదెల్ని తోలుకుని గట్టెక్కేస్తారు. మామని మాత్రం మంచంతో సహా మొయ్యాలి — ఆయన ఆ మూల నుంచి, ‘నన్నొగ్గేసి గేదెని ఎత్తుకుపోతాది ఇది, అది పాలిస్తాది గదా’ అన్నాడు. ఆవిడ తల తిప్పకుండా, ‘నిజమే సెప్పినావు’ అంది.

గేట్లు ఇకనుంచి మిషను చూసుకుంటుందని ఆమెకి తెలుసు. ఎవరో చెప్పారు. అడిగింది ఒకటే — ‘రేత్రి మేం ఇక్కడ తొంగుంటామని దానికి ఎరికేనా?’

జూన్ 24, మంగళవారం

అసిరయ్య ఫోను. పెన్షన్ కాగితాల పనిమీద వచ్చాడు, ఆమదాలవలస స్టేషన్లో ఉన్నాడు, రైలుకి గంట టైముంది. వెళ్లాను. బెంచీ మీద కూర్చుని చెప్పాను. అంతా చెప్పాను. గేట్లని ఎత్తబోయేది ఆ రిజిస్టర్లు చదువుకున్న యంత్రమేనని, ఇక ఫోను చేసేవాడూ ఎత్తేవాడూ ఉండరని.

ఇన్నాళ్లూ ఈ కంప్యూటరు వ్యవహారం పై ఆఫీసులో జీతాల పట్టీ లాంటిదని అనుకున్నాడట.

పాసింజరు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. అది అతని బండే. లేవలేదు.

‘అంటే నా అబద్ధాలు సదువుకుందన్నమాట.’

అవును.

‘నానైతే అబద్ధం రాసీసి నిజం ఫోన్లో సెప్పీవోడ్ని. అది రాసిందే నమ్ముతాది.’ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ‘ఆనకట్ట కాడి ఇంజినీరు పాపకి నానే సెప్తాను. నువ్వు రాకు. నువ్వొస్తే పేపరోళ్లు సెప్పించినట్టుంటాది.’

పింఛను సంగతి నేను ఎత్తాను. తను ఎత్తలేదు.

జూన్ 25, బుధవారం

సౌజన్య ఫోను, మధ్యాహ్నం. అసిరయ్య పొద్దున వచ్చి చెప్పి వెళ్లాడట.

‘వారం వారం ఆ రిజిస్టరు కింద నా సంతకమే మేడమ్. రెండేళ్లుగా.’

తర్వాత — ‘రాత్రి ఎందుకంత బాగా సరిపోతోందని నేనే అడగాల్సింది. బాగా సరిపోతే ఎవరైనా ఎందుకని అడుగుతారా?’

అడగరు. నేనూ అడగలేదు, నా కత్తిరింపుల్లో.

జూన్ 27

వాన లేదు. ఉక్క.

జూన్ 30, సోమవారం

కమిటీ కూర్చుంది. పేపర్లవాళ్లకి ప్రవేశం లేదు. బయట వేపచెట్టు కింద మూడు గంటలు.

సౌజన్య తర్వాత చెప్పిన ప్రకారం: లేచి నిలబడి, రాత్రి కొలతలు నమ్మదగినవి కావు, కాబట్టి ఈ మోడలుకి రాత్రి తెలియదు, అంది. యంత్రాన్ని సరఫరా చేసిన కంపెనీ కుర్రాడు పరీక్షల పట్టికలు చూపించాడు. ఈఈ గారు ఆ అబ్బాయిని ఆపి, ఎవరు చెప్పారు నమ్మదగినవి కావని, అని సౌజన్యని రికార్డు కోసం అడిగారు. పేరు చెప్పకూడదనే వెళ్లింది. కానీ అసిరయ్య ముందే ఆయన గది బయట నిలబడి చెప్పేసి ఉన్నాడు, పొద్దున తొమ్మిదింటికి, ఉతికిన చొక్కా వేసుకుని.

నిర్ణయం. ఈ వానాకాలానికి గేట్లు మనుషులే ఎత్తుతారు. యంత్రం సలహా మాత్రం చెబుతుంది. వచ్చే ఏటికి దానికి మళ్లీ నేర్పాలి, నిజమైన కొలతలతో. అందుకని ఈరోజు నుంచి పై గేజీ దగ్గర రాత్రంతా గంటగంటకీ కొలత, స్తంభం ఫోటోతో సహా, సమయం పడేలా. అసిరయ్యకి సంజాయిషీ మెమో.

రెండో మనిషి? ప్రతిపాదన పంపారు.

ఈఈ గారికి ఫోను చేశాను. దాపరికం లేకుండా మాట్లాడారు. ‘మీరే చెప్పండమ్మా. కొలతలు లేకుండా ఆ యంత్రానికి నేర్పలేను. యంత్రం కావాలంటే మంజూరైంది. మనిషి కావాలంటే పోస్టు లేదంటారు.’

ఇంజనీర్ల అభిప్రాయాల్లో ఇంత సూటిది ఇంతవరకు రాలేదు. రాసుకున్నాను.

రాసుకున్నాక తట్టింది. నిజం చెప్పినందుకు ఆ మెట్లు దిగవలసింది అసిరయ్యే.

జూలై 3, గురువారం

అసిరయ్య ఫోన్లో నవ్వుతున్నాడు. ఫోటో తీయడం సౌజన్య నేర్పింది. ‘మొదటి ఫొటోలో నా బొటనేలు. రెండోదాన్లో నా ముక్కు. నీటిమట్టం నా ముక్కుదాకా వచ్చిందని డిపార్టుమెంటు హడిలిపోయుంటాది.’

సౌజన్య తన డబ్బుతో టార్చి, గమ్ బూట్లు కొనిచ్చింది. బూట్లు వద్దన్నాడు, వేళ్లకి మెట్టు తెలియాలట. గుడిసె గుంజ నుంచి నడుముకి వల తాడు కట్టుకుంటున్నాడు. సెల్‌ఫోను పాలిథీన్ కవరులో పెట్టి మెడకి. పగలంతా పని, రాత్రి గంటకోసారి నలభై రెండు మెట్లు. పడుకునేది ఎప్పుడంటే — ‘రెండు ఫొటోల మజ్జిన.’

ఫోటోలు సౌజన్యకి వస్తాయి, ఆమె నాకు పంపుతోంది. అడగలేదు నేను. వద్దనీ అనలేదు.

జూలై 5, శనివారం

వ్యాసం రాయడం అయింది. గేజ్ రీడరు పేరు లేకుండా. డెస్కు పేరు అడుగుతోంది, పేరు లేకపోతే బలం లేదంటోంది. అసిరయ్యని అడిగాను. ‘రాసుకో. మెమో ఎలాగూ వచ్చీసింది. ఫొటో మాత్రం నాదే ఎయ్యండి.’ అయినా పెట్టలేదు ఇంకా.

విశ్వనాథం గారికి చదివి వినిపించాను, గట్టిగా, రెండుసార్లు. గౌరయ్య దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపారు.

‘గడులు ఖాళీ ఉంచొద్దన్నది నేను. వాడు నా మాట విన్నాడు. అది రాయి. నా పేరు పెట్టి రాయి. పింఛను ఆపితే నాది ఆపమను.’

చీకట్లో దిగొద్దన్న మాట కూడా రాస్తానన్నాను.

‘అది రాయక్కర్లేదు’ అన్నారు. ‘దానికి నాకేం సిగ్గు లేదు.’

జూలై 9, బుధవారం

ఎక్స్‌రే తీయించాను. అరిగిందట. మెట్లు తగ్గించమన్నాడు డాక్టరు.

జూలై 11, శుక్రవారం

ఆనకట్ట. సౌజన్య రెండు గీతలు చూపించింది, ఈ పది రాత్రులవి. యంత్రం ఊహించింది వాలు బల్లలా ఉంది, ఒకే ఏటవాలు. అసిరయ్య ఫోటోల నుంచి వచ్చింది మెట్లలా ఉంది — గంటలకొద్దీ ఏం లేదు, ఉన్నట్టుండి ఒక్క ఎగురు. చిన్న వానలకే ఇది.

‘పెద్దది వస్తే ఇది తెల్లారేదాకా టైముందంటుంది మేడమ్. అప్పటికి నీళ్లు గేట్ల మీంచి పొర్లి దిబ్బ మీదుంటాయి.’

తీసేయొచ్చుగా మరి ఆ తెర, అన్నాను. పగలు నిజంగానే బాగా చెబుతోంది, తనకంటే బాగా, అంది. పగటి పని చూసి దాన్ని నమ్మాలనిపిస్తుందట, రాత్రిని చూసి భయమేస్తుందట. ఈ మాటని వ్యాసంలో కలిపి, మరిది ఎరుపు పాఠంతో సహా ఆమెకి చదివి వినిపించాను. ఆమె వైపు నుంచి ఇదే సరైన మాట అనిపించింది.

జూలై 14, సోమవారం

వ్యాసం ఇరవయ్యో తేదీ ఆదివారానికి ఖాయం. రెండో మనిషి గురించి అడిగాను. ప్రతిపాదన పై ఆఫీసులో ఉంది.

జూలై 16, బుధవారం

అల్పపీడనం. పొద్దుటి నుంచి ముసురు. కళింగపట్నంలో పడవలు ఒడ్డుకి లాగేశారు.

జూలై 18, శుక్రవారం

మధ్యాహ్నం నుంచి ఒడిశా వైపు కుండపోత. పాతపట్నం దారిలో గెడ్డలు పొంగి బస్సులు ఆపేశారు. వెళ్లడానికి లేదు. డాబా గదిలో కూర్చున్నాను, ఫోను ఛార్జింగులో పెట్టి.

5.00 — ఫోటో. పదకొండు మెట్లు మునిగాయి.

6.00 — ఫోటో. పదమూడు.

7.00 — ఫోటో. పద్దెనిమిది. స్తంభం మీద వాన గీతలు, కింద అతని పాదం అంచు.

7.10 — అసిరయ్యే ఫోను చేశాడు. వెనక హోరు. గొంతు చించుకుంటే గాని వినపడలేదు.

‘ఏరు మాటాడతాంది పేపరమ్మా. ఇది మామూలు గొంతు కాదు. గౌరయ్య పోయిన్నాటి గొంతు.’

ఎనిమిదికి దిగొద్దన్నాను. సౌజన్యకి నేను చెబుతాను, మెమో సంగతి తర్వాత చూసుకుందాం, ఆ ఒక్క గడి ఖాళీగా ఉండనీ.

‘కాళీ ఉంటాదేటి? అది నింపీస్తాది గదా. నాను నింపినట్టే.’ హోరు మీంచి మళ్లీ అరిచాడు. ‘ఓ పాలి సూసొస్తాను. తాడు ఉన్నాది.’

పెట్టేశాడు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. సౌజన్యకి చేశాను. తనూ దిగొద్దనే చెప్పిందట, ఆరింటికే.

8.00 — ఫోటో లేదు.

8.10 — లేదు. అక్కడ నెట్ అంతంతమాత్రం. మూడో తేదీన కూడా ఒకటి పావుగంట ఆలస్యంగా వచ్చింది.

8.20 — సౌజన్య.

‘ఎనిమిది గడిలో అంకె వచ్చింది మేడమ్.’

ఫోటో?

‘లేదు. అదే నింపుకుంది. పద్దెనిమిదో మెట్టుకి కాస్త పైన. గేట్లు తెల్లారాక చాలంటోంది.’

నువ్వేమంటావు అని అడిగాను. రిపోర్టరు అడిగే ప్రశ్నే, గొంతు మాత్రం రిపోర్టరుది కాదు.

‘తెలియకపోతే ఎరుపన్నారు కదా మీ మరిది. నాకు తెలియడం లేదు. సైరన్ వేయించేశాను. దిబ్బవాళ్లు దాటడం అవగానే గేట్లు. ఈఈ గారికి చెప్పాను, కొలత లేకుండా ఎలా అన్నారు. కొలత లేదు కాబట్టే అన్నాను.’

వంతెన దగ్గర టీకొట్టుకి కూడా చేసిందట, విశ్వనాథం గారు ఇచ్చిన పాత నంబరుకి. ఎత్తింది కొట్టువాడి కొడుకు. రోడ్డు మీద నీళ్లు. గుడిసె వైపు ఏమైనా వెలుతురు కనిపిస్తోందా అంటే, ఈ వానలో తన చెయ్యే తనకి కనపడడం లేదన్నాడు. ఇద్దరు మనుషుల్ని తాడుతో పంపమంది. చూస్తానన్నాడు.

8.40 — సౌజన్య నుంచి ఒక లైను. తొమ్మిది శాలలవాళ్లు గట్టెక్కారు. ఇంకా రెండు. పైడమ్మ మామని మంచంతో మోసుకొస్తున్నారు.

8.50 — అసిరయ్యకి చేస్తున్నాను. మోగుతోంది. మోగుతోందంటే ఫోను తడవలేదు. మెడలో ఉంది, లేదా గుడిసెలో ఉంది. రెండింటికీ తేడా చాలా ఉంది. ఏది అన్నది నాకు తెలియదు. ఊహించి రాయను.

8.55 — మోగుతోంది.

9.00 —

ఖాళీగానే ఉంచుతున్నాను.